ఇంగ్లీష్ మాటలు ముందు కాళ్ళకు రావాలి, నోటికి తర్వాత



పోస్టు కొంచెం పొడుగుంటది, తీరికగా చదవండి. పోయిన వారం మన గ్రూపులో ఒక వీడియో మీద పెద్ద చర్చ నడిచింది కదా. ఒక గూడెంలో ఒకటో తరగతి పిల్లలు చేతులు ఊపుకుంటూ ఇంగ్లీష్ రైమ్ చెప్పిన వీడియో. సగం మంది దాదాలు "శభాష్, మన పిల్లలు కాన్వెంట్ పిల్లలకు తక్కువ కాదు" అన్నరు. ఇంకో సగం మంది "ఇట్లనే మన గోండి పోతది, మన పాట పోతది" అన్నరు. నేను అప్పుడు ఏమీ రాయలేదు. రెండు మాటలూ సగం సగమే నిజం అనిపించింది, ఎందుకో సరిగ్గా చెప్పాలంటే నాలుగు ముక్కల్లో అయ్యేది కాదని ఆగిన.

ఆ వీడియోలో పిల్లలను గాని, ఆ టీచర్‌ను గాని నేను ఏమీ అనను. నా దగ్గరికి వచ్చే పిల్లల సంగతే చెప్తా. నేను డీఎడ్ అయిపోయి డీఎస్సీ కోసం చదువుకుంటూ, సాయంత్రాలు మా ఊర్ల పటేల్ ఇంటి ముందున్న చింతచెట్టు కింద ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలను కూర్చోబెట్టుకుంటున్న. మొదటి రోజు "మీకు ఇంగ్లీష్ ఏం వచ్చు?" అని అడిగితే, గబగబా లేచి వరుసగా నాలుగు రైమ్‌లు చెప్పిండ్రు. చేతులు ఊపుడు, నడుము తిప్పుడు, అంతా ఉంది. వీడియో తీస్తే మనోళ్ళు వంద లైకులు కొడుతుండె. అందులో వానను పొమ్మని చెప్పే రైమ్ కూడా ఉంది. అప్పటికి మా ఊర్ల పత్తి గింజలు పెట్టి, వాన కోసం అందరూ మొగులు దిక్కు చూస్తున్నరు!

ఒక పిల్లగాణ్ణి దగ్గరికి పిలిచి గోండిలో అడిగిన, "ఇప్పుడు నువ్వు చెప్పినవు కదా, అందులో ఏముంది?" అని. వాడు నన్ను వింతగా చూసి "సార్ చెప్పమన్నది చెప్పిన" అన్నడు. వాని నోట్ల ఇరవై ముప్పై ఇంగ్లీష్ మాటలు ఉన్నయి, ఒక్కటి కూడా వానిది కాదు. చెవి పట్టుకుని "వాట్ ఈజ్ దిస్?" అంటే మొత్తం గుంపు గప్‌చిప్. ఆ రైమ్‌లలో ఒకదాంట్లో చెవి ఉంది, చెవి దగ్గరికి చెయ్యి కూడా పోతది. కానీ మాట ఎక్కడిది, చెయ్యి ఎందుకు పోతున్నది, రెండిటికీ వాళ్ళ లోపల లంకె పడలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్త. చిన్నపిల్లలకు ఇంగ్లీష్ మాటలు నేర్పాలంటే లయ, ఆట, ఒంటి కదలిక — ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. కానీ మనం ఇప్పుడు ఆ పేరుతో చేస్తున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ దారి కాదు, బట్టీనే. కూర్చుని పట్టే బట్టీకి బదులు నిలబడి పట్టే బట్టీ.

మన పిల్లల పరిస్థితి ఒకసారి చూడండి. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టిండ్రు. పుస్తకం రెండు భాషల్లో ఇచ్చిండ్రు, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీష్ అర్థం కాకపోతే పక్కన తెలుగు చూసి అర్థం చేసుకుంటరని ఆలోచన. కరీంనగర్ పిల్లకు, వరంగల్ పిల్లకు అది మంచి ఆలోచనే. మా ఊర్ల ఆరేండ్ల పిల్లకు? ఇంట్లో అమ్మతో గోండి, సంతలో సగం మరాఠీ, బడిలో తెలుగు. తెలుగు ఆమెకు బడిలో అడుగుపెట్టినప్పుడే మొదలవుతది. అంటే పుస్తకంలో ఎడమ పేజీ తెల్వని భాష, కుడి పేజీ తెల్వని భాష. చీకట్లో ఉన్నదాన్ని ఇంకో చీకటి పెట్టి చూపించినట్టు. సారు "వాటర్ అంటే నీళ్ళు" అని చెప్పి ముందుకు పోతడు. ఆ పిల్ల తలకాయలో "నీళ్ళు అంటే ఏర్" అనే ఇంకో మెట్టు ఎవరూ ఎక్కించరు, తనంతట తనే ఎక్కాలి. పైగా తెలుగులో ఏరు అంటే వాగు! ఆ పిల్ల ఎంత గజిబిజి పడుతదో ఆలోచించండి.

కదలిక ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తది. చేప ఈదినట్టు చెయ్యి ఆడించి "ఫిష్" అంటే, ఆ పిల్ల మనసులో నేరుగా "మీన్" అని పడుతది. మధ్యల తెలుగు అనువాదం అవసరమే లేదు. ఒళ్ళు అందరికీ తెల్సిన భాష. గోండి పిల్లకైనా కోలాం పిల్లకైనా, పర్ధాన్, తోటి పిల్లలకైనా, దుంకడం అంటే దుంకడమే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1960లలో దీని మీద పనిచేసిండు. ముందు జపనీస్ భాషతో ప్రయత్నం చేసిండు. ఒకరు ఆ భాషలో ఆజ్ఞ ఇస్తరు, చేసి చూపిస్తరు, నేర్చుకునేటోళ్ళు వెంట చేస్తరు. అనువాదం లేదు, వ్యాకరణం లేదు, మాట్లాడమని ఒత్తిడి లేదు. దీనికి టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని పేరు పెట్టిండు, డీఎడ్, బీఎడ్ చదివినోళ్ళకు టీపీఆర్ అంటే గుర్తొస్తది. మన దగ్గర పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తున్నం. ఆయన ఆలోచనకు మూలం చిన్నపిల్లలు అమ్మ భాష ఎట్ల నేర్చుకుంటరో చూడటమే. అమ్మ "ఇటు రా", "అది ముట్టకు", "కూర్చో" అంటది. పిల్ల చేస్తది. చాలా నెలలు వింటది, చేస్తది, కానీ మాట్లాడదు. మాట తర్వాత వస్తది. మనం బడిలో దీన్ని తలకిందులు చేసినం. పిల్ల వచ్చిన మొదటి రోజే "చెప్పు, గట్టిగ చెప్పు" అంటం. అర్థం తర్వాత చూద్దాం అంటం. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు.

నా దగ్గర ఒక చిన్నపిల్ల ఉంది. మూడు వారాలు ఒక్క ఇంగ్లీష్ ముక్క మాట్లాడలేదు. బడిలో ఆమెకు "ఏమీ రాదు" అని పేరు. కానీ నేను "టచ్ ద ట్రీ" అంటే అందరికంటే ముందు చింతచెట్టు దగ్గర ఉండేది ఆమెనే. "పుట్ ద స్టోన్ ఆన్ ద లీఫ్" అంటే మోదుగాకు తీసుకొచ్చి, దాని మీద రాయి జాగ్రత్తగా పెట్టేది. ఆకు మీద రాయి, రాయి మీద ఆకు కాదు. "ఆన్" అనే చిన్న మాట కూడా ఆమెకు అర్థమైందన్నట్టే కదా. ఒకరోజు ఆటలో ఇంకో పిల్లగాడు తప్పు చేస్తే, కోపంగా "నో! స్టోన్ ఆన్ లీఫ్!" అన్నది. అదే ఆమె మొదటి ఇంగ్లీష్ మాట. బడి లెక్కలో ఆమె ఆ మూడు వారాలూ సున్నా.

ఇదంతా మొదటి రోజు నుంచే సాఫీగా నడిచిందని అనుకోకండి. నేనూ బాగానే పప్పులో కాలేసిన. మొదటి వారం "స్టాండ్ అప్, సిట్ డౌన్, జంప్, టర్న్, క్లాప్" అని ఐదు మాటలు పాట లెక్క తయారుచేసి రోజూ అదే వరుసలో చేయించిన. నాలుగు రోజుల్లో పిల్లలు మస్తు చేస్తున్నరు. నేను ఉబ్బిపోయిన. ఐదో రోజు మా చెల్లె వచ్చి చూస్తూ కూర్చుని, మధ్యలో "టర్న్" అని అరిచింది. సగం మంది కూర్చున్నరు, కొందరు దుంకిండ్రు, మిగతా వాళ్ళు నా మొహం చూసిండ్రు. వాళ్ళకు మాటలు రాలేదు, వరుస వచ్చింది. గొలుసు లాగితే ఒకదాని వెంట ఒకటి వస్తున్నయి, గొలుసు తెంపితే ఏదీ లేదు. మన పిల్లలను ఏడు తర్వాత ఎంత అని అడిగితే మళ్ళీ "వన్, టూ" నుంచి మొదలుపెడతరు చూడండి, అదే సంగతి.

ఇంకో మోసం కూడా ఉంది. గుంపులో పిల్లలు మాట వినరు, పక్కోణ్ణి చూస్తరు. ఇద్దరు చురుకైన పిల్లలు చేస్తే పదిహేను మంది కాపీ కొడతరు. దూరం నుంచి చూస్తే అందరికీ వచ్చినట్టే. వీడియోల్లో మనం చూసి మురిసేది చాలాసార్లు ఇదే.

అప్పటి నుంచి నేను చేసే పద్ధతి ఇది. మొదట నేను మాట చెప్పి, చేసి చూపిస్త, పిల్లలు చూస్తరు. తర్వాత నాతో పాటు చేస్తరు. తర్వాత నేను చేతులు కట్టుకుని నోటితోనే చెప్త. ఈ మెట్టు దాటకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్ళు నా చెయ్యి చూస్తున్నరా, నా మాట వింటున్నరా తెల్వదు. అప్పుడు వరుస మారుస్త, ఇద్దరిద్దరిని పిలుస్త, ఒకసారి కళ్ళు మూసుకొమ్మంట. చివరికి వాళ్ళు ఎన్నడూ వినని వాక్యం ఒకటి వేస్త: తెల్సిన మాటలే, కొత్తగా కలిపినవి. "రన్ టు ద ట్రీ" తెల్సు, "పుట్ ద లీఫ్ ఆన్ ద స్టోన్" తెల్సు, కాబట్టి "పుట్ ద లీఫ్ ఆన్ యువర్ హెడ్ అండ్ రన్ టు ద ట్రీ" అంట. ఒక్క క్షణం ఆగి, అర్థమైన పిల్లలు నవ్వుతరు. ఆ నవ్వును మించిన పరీక్ష పేపర్ లేదు నా దృష్టిలో. అర్థం కానోడు నవ్వడు.

రోజుకు కొత్త మాటలు ఐదారు కంటే ఎక్కువ పెట్టను. నిన్నటివి ఇయ్యాల మళ్ళీ, పోయిన వారంవి ఈ వారం మళ్ళీ. మాటలు ఏవి అనేది కూడా మనమే ఎంచుకోవాలి. యాపిల్‌తో మొదలుపెట్టి జైలోఫోన్ దాకా పోయే చార్టు గోడకు ఉంది కదా అని అవే పట్టుకోవద్దు. జైలోఫోన్ నేనూ చూడలేదు. మేక, కోడి, ఎద్దు, చెట్టు, రాయి, ఆకు, తాడు, నిప్పు, నీళ్ళు — పిల్ల చేతికి అందేవి ముందు. బస్సు, ఫోన్, డాక్టర్, హాస్టల్ తర్వాత. అవి కూడా కావాలి, మన పిల్లలు గూడెంలనే ఉండిపోతరని నేను అనుకోను.

ఇక లయ సంగతి. కరోలిన్ గ్రాహమ్ అని న్యూయార్క్‌లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీష్ చెప్పిన టీచరమ్మ, సంగీతం తెల్సినామె, 1978లో జాజ్ చాంట్స్ అని పుస్తకం తెచ్చింది. ఆమె చేసింది సింపుల్. రోజూ మాట్లాడే ఇంగ్లీష్‌లోనే ఒక తాళం ఉంటది, దాన్ని పట్టుకుని ప్రశ్న జవాబుల్లాగా చెప్పించడమే. ఇది మనకెందుకు పనికొస్తదంటే, ఇంగ్లీష్ నడక మన భాషల నడక ఒకటి కాదు. తెలుగులో గాని గోండిలో గాని ప్రతి అక్షరానికీ దాదాపు దాని వాటా సమయం దానికి ఇస్తం. ఇంగ్లీష్‌లో బరువు మాటల మీదనే దెబ్బ పడుతది, చిన్న మాటలు సందుల్లో ఇరుక్కుని పోతయి. మీరే చేసి చూడండి. ఒక డబ్బా మీద సమానంగా మూడు దెబ్బలు కొడుతూ "గోట్స్ ఈట్ లీవ్స్" అనండి. అదే మూడు దెబ్బల్లో "ద గోట్స్ విల్ ఈట్ ద లీవ్స్" అనండి. తర్వాత "ద గోట్స్ ఆర్ ఈటింగ్ ద లీవ్స్". మాటలు పెరిగినయి, దెబ్బలు పెరగలేదు. ఇది బోర్డు మీద రాసి చెప్తే డిగ్రీ పిల్లలకు కూడా ఎక్కదు. డబ్బా కొడితే ఆరేండ్ల పిల్లకు ఎక్కుతది. తాళం మన పిల్లలకు కొత్త కాదు, నడక రాకముందే గుమేల చప్పుడు విన్నోళ్ళు.

నేను కట్టుకున్న ఒక ప్రశ్న జవాబు ఇట్ల ఉంటది. ఒక గుంపు "వేర్ ఈజ్ ద గోట్?" అంటది, ఇంకో గుంపు "ఆన్ ద హిల్!" అని గుట్ట దిక్కు చెయ్యి చూపిస్తది. "వేర్ ఈజ్ ద కౌ?" "బై ద వెల్!" అని బావి దిక్కు తిరుగుతరు. గుట్ట నిజంగా ఉంది, బావి నిజంగా ఉంది. రెండు రోజుల తర్వాత మేక బావి దగ్గర ఉందంట. అప్పుడు గుట్ట దిక్కు చెయ్యి పెట్టినోడు దొరికిపోతడు, అందరూ నవ్వుతరు, వాడు కూడా నవ్వుతడు. ఇది పెద్ద కవిత్వమేం కాదు, ఎవరి ఊరికి వాళ్ళు పది నిమిషాల్లో కట్టుకోవచ్చు.

నాకు చాలా సంతోషం కలిగించిన విషయం ఒకటి చెప్పాలె. తెలుగు మాటలు ఎక్కువ శాతం అచ్చుతో ముగుస్తయి. అందుకే తెలుగు అలవాటైన నోరు బస్‌ను బస్సు అంటది, బుక్‌ను బుక్కు అంటది, గుడ్ మార్నింగ్ కాస్త గుడ్డు మార్నింగు అయిపోతది. బడిలో మన పిల్లలు సార్లను చూసి అదే నేర్చుకుంటున్నరు. కానీ మన గోండి చూడండి. ఏర్, రోన్, నార్, మీన్, కాల్. నీళ్ళు, ఇల్లు, ఊరు, చేప, కాలు. అన్నీ హల్లు దగ్గర టక్కున ఆగుతయి. మన పిల్లకు "ఫిష్" అని ఆపడం, "లీఫ్" అని ఆపడం కష్టమే కాదు, ఇంట్లో రోజూ చేసే పని. నేను "ఏర్ అన్నట్టే ఆపు, మీన్ అన్నట్టే ఆపు, చివర్ల చప్పట్లు కొట్టి నోరు మూసెయ్యి" అంట. వెంటనే పట్టుకున్నరు. గోండి మాట్లాడితే ఇంగ్లీష్ రాదని మన తల్లిదండ్రులకు చెప్పేటోళ్ళు ఇది ఒకసారి వినాలె. ఇక్కడ గోండి అడ్డం కాదు, ఆసరా.

మన పాట పోతదని భయపడ్డ దాదాలకు ఇప్పుడు నా జవాబు. మీ భయం ఉత్తది అనను. దండారి పాటల్లో ఇంగ్లీష్ మాటలు ఇరికించి పిల్లలకు నేర్పితే ఎట్లుంటదని ఒక మిత్రుడు అడిగిండు. నేను వద్దన్న. దండారి మనకు డ్యాన్స్ ప్రోగ్రాం కాదు, దేవుని కార్యం. గుస్సాడి టోపీ పెట్టుకునే తీరుకు, తీసే తీరుకు నియమం ఉంది. దాన్ని తెచ్చి ఏ ఫర్ యాపిల్‌కు కడితే పెద్దలు బాధపడతరు, పడాలె కూడా. మన పిల్లలు ఆడుకునే ఆటలు, పశువులు కాసేటప్పుడు వేసుకునే కేకలు, చప్పట్ల లెక్కలు ఉన్నయి కదా, వాటి తాళం చాలు. పూజలో ఉన్నది పూజలోనే ఉండనీయండి.

ఇంకో మాట కూడా ఉంది. ఈ పద్ధతి మొత్తం ఆజ్ఞల మీద నడుస్తది. కూర్చో, నిలబడు, పరుగెత్తు, తీసుకురా. మన జాతికి ఇంకొకరి ఆర్డర్లు వినుడు కొత్తగా నేర్పాల్నా? అందుకే నాలుగో రోజు నుంచే కుర్చీ పిల్లలకు ఇస్త. వాళ్ళు చెప్పాలె, నేను చెయ్యాలె. "అన్నా, జంప్! అన్నా, సిట్ ఆన్ ద స్టోన్!" అని నా మీద అధికారం చెలాయించేటప్పుడు వాళ్ళ నోట్లోంచి వచ్చే ఇంగ్లీష్ చూడాలె. అసలు మాట్లాడటం మొదలయ్యేది అక్కడనే.

ఈ పద్ధతితో అన్నీ అయిపోతయని మాత్రం చెప్పను. "బికాజ్" అనే మాటను ఎట్ల దుంకి చూపిస్తం? ఆలోచన చెప్పే మాటలు, కథలు, కారణాలు — వీటికి భాష కావాలె, అదీ పిల్ల సొంత భాష. కథ ముందు గోండిలో చెప్పి, మాట్లాడించి, తర్వాత అందులోంచి నాలుగు ఇంగ్లీష్ మాటలు తీస్తేనే నిలబడుతయి. చదువుడు, రాసుడు కూడా వేరే పని. "లీఫ్" అని దుంకిన పిల్లకు ఆ అక్షరాలు గుర్తుపట్టడం దానంతట అది రాదు. మూడో తరగతి పిల్ల చదవలేకపోతే ఆ సంగతిని డ్యాన్స్ వెనక దాచొద్దు. ఆశ్రమ పాఠశాలల్లో ఆరు, ఏడో తరగతి పిల్లలను చప్పట్లు కొట్టమంటే సిగ్గుపడతరు. వాళ్ళకు కబడ్డీ, వాలీబాల్ గ్రౌండ్‌లో మాటలు వేరే తీరుగా చెప్పాలె, అది ఇంకోసారి రాస్త.

సార్ల కష్టం కూడా నాకు తెల్సు. ఒక్కరే టీచర్, రెండు గదులు, ఐదు తరగతులు. ఒకటో తరగతి దుంకుతుంటే ఐదో తరగతి లెక్కలు ఎట్ల చేస్తది? అందుకే ఇది గదిలో కాదు, బయట, ప్రేయర్ అయినంక పదిహేను నిమిషాలు, అన్ని తరగతులు కలిపి చెయ్యొచ్చు. పెద్ద పిల్లలు ఆజ్ఞలు ఇస్తరు, చిన్న పిల్లలు చేస్తరు. ఖర్చు లేదు, కిట్టు లేదు. రాయి, ఆకు, డబ్బా.

కానీ ఒకటుంది, మాట అర్థమైందా లేదా అని పిల్ల భాషలో అడగగలిగే మనిషి అక్కడ ఉండాలె. అసలు లోటు అదే. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు మొత్తం స్థానిక ఆదివాసులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం అప్పటి నుంచి దాన్ని ఉద్యోగాల సమస్యగానే మాట్లాడుతున్నం. ఉద్యోగాల సమస్య కాదని కాదు, నేనే డీఎస్సీ కోసం చూస్తున్నోణ్ణి. కానీ అది ఒకటో తరగతి పిల్ల సమస్య కూడా. ఆమె "ఏర్" అంటే అర్థం చేసుకునే టీచర్ ఉన్నడా లేడా అనేది. మన వినతిపత్రాల్లో ఈ మాట కూడా రాయాలె.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు, పెద్ద చదువులు ఉన్నోళ్ళ కోసం చూడలేదు. గోండి మాట్లాడే మన వాళ్ళనే తీసుకుని టీచర్లను చేసిండ్రు, గోండి వాచకాలు తయారు చేసిండ్రు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2003-04 నుంచి గోండి, కోలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో పిల్లలకు మొదలుపెట్టే బహుభాషా విద్య కార్యక్రమం నడిచింది. ఇప్పుడు ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ అంటున్నప్పుడు ఆ మెట్టు ఇంకా ఎక్కువ కావాలె గాని తక్కువ కాదు. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు అనే మాట ఉంది. కాగితం మీద అందరూ మన వైపే ఉన్నరు!

సెలవులకు ఊరికి వచ్చే డిగ్రీ, బీఎడ్, ఇంజనీరింగ్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రోజుకు అరగంట ఇస్తే చాలా చెయ్యొచ్చు. దసరా సెలవులు వస్తున్నయి, తర్వాత దండారి రోజుల్లో ఎట్లాగూ అందరం ఊర్లనే ఉంటం. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక వరుసలో మన మాట, పక్కన ఇంగ్లీష్ మాట, దాని పక్కన దానికి పెట్టిన కదలిక. మన మాట మాత్రం ఊర్ల ముసలమ్మను అడిగి రాయండి, ఉట్నూర్ దిక్కు ఒక తీరు, తిర్యాణి దిక్కు ఒక తీరు ఉంటది, మీ ఊరి మాటే రాయండి. ఒక జాగ్రత్త మాత్రం. మనం ఉత్తగా చెప్తున్నం కదా అని ఖాళీ పోస్టులు నింపకుండా కూర్చుంటే ఒప్పుకోవద్దు. మనది సెలవుల సాయం, టీచర్‌కు బదులు కాదు. ఐటీడీఏకు పోయినప్పుడు ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలె.

ఇంకొకటి అడిగి ఆపుత. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇద్దరు కోలాం పిల్లలు ఉన్నరు, పక్క గూడెం నుంచి వస్తరు. నేను గోండిలో అర్థం అడిగి, గోండిలో జోకులు వేసి, మన భాషలోనే చెప్తున్న అని గర్వంగా ఉంటున్న. మొన్న నీళ్ళ మాట చెప్తూ "ఏర్" అంటే, వాళ్ళలో చిన్నది మెల్లగా "ఈర్" అన్నది. మిగతా పిల్లలు నవ్విండ్రు, ఆమె తల దించుకున్నది. తెలుగు సారు ముందు మన పిల్లలు ఎట్ల కూర్చుంటరో, నా ముందు ఆమె అట్లనే కూర్చుంటున్నదని నాకు ఇన్ని రోజులు తట్టనే లేదు. మరుసటి రోజు నుంచి "వాటర్" అన్నప్పుడు ఏర్, ఈర్ రెండూ అందరితో చెప్పిస్తున్న. కానీ నాకు కోలామి వచ్చింది ఆ ఒక్క మాటనే. గ్రూపులో కోలాం అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెట్టు, రాయి, ఆకు, చేప, మేక, ఇల్లు, కూర్చో, లే, రా — ఈ తొమ్మిదింటికి మీ మాటలు వాయిస్ మెసేజ్‌లో చెప్పి పంపండి. రాసి పంపితే నేను తప్పు పలుకుత.